విషం లేని విరుగుడు

పాముకాటుకు మందు తయారుచేసే సంస్థలో పాము విషం ఉందన్న సంగతి ఆ సంస్థ డైరెక్టరు పరాంకుశరావుగారికి తెలియడానికి రెండేళ్ళ ఏడు నెలలు పట్టింది. ఇందులో ఆయన తప్పేమీ లేదు. అంతకు ముందు ఆయన చేనేత శాఖలో ఉన్నారు, దానికి ముందు చేపల శాఖలో. ఎక్కడున్నా ఫైలు ఫైలే కాబట్టి ఇబ్బంది రాలేదు. ఇక్కడి ఫైళ్ళలో మాత్రం అప్పుడప్పుడూ 'యాంటిజెన్' అన్న మాట వచ్చేది. అదేదో కొత్తరకం అద్దకపు రంగు కాబోలనుకుని సంతకం పెట్టేవారు.

ఆ జనవరిలో ఆయన్ని ఒక కొండమీది హోటలుకు రెండురోజుల శిక్షణకు పంపారు. కార్యాలయాల్లో భద్రత గురించి అక్కడ రెండురోజులూ మాట్లాడారు. దిగి వచ్చేటప్పుడు ఆయన ఒక జనపనార సంచీ, ఒక పెన్నూ, ఒక ఆశయమూ వెంట తెచ్చుకున్నారు. విషపదార్థం లేశమైనా లేని ప్రాంగణానికి అయిదు నక్షత్రాల ఫలకం ఇస్తారట. రాష్ట్రంలో ఇంతవరకు ఎవరికీ దక్కలేదట. సంచీ అటెండరుకిచ్చి, పెన్ను జేబులో పెట్టుకుని, ఆశయాన్ని సర్క్యులరుగా కొట్టించి అన్ని విభాగాలకూ పంపించారు.

ఫిబ్రవరిలో విషాన్వేషణ కమిటీ బయలుదేరింది. ఎలుకల మందు దొరికింది. ఫినాయిలు దొరికింది. ప్రహరీ పక్కన గన్నేరు మొక్క దొరికితే, దాని గింజ ప్రమాదమని ఎవరో అన్న పాపానికి వేళ్ళతో సహా పెకలించారు. నాలుగోరోజు కమిటీ శీతల గదిలోకి అడుగుపెట్టి, మూలనున్న చిన్న ఫ్రిజ్ తెరిచి, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అని చీటీలు అంటించిన నాలుగు గాజుబుడ్లు చూసి, తలుపు ధడాలున వేసి, బయటికి పరిగెత్తింది.

డైరెక్టరుగారు డాక్టర్ విశాలాక్షిని పిలిపించారు. విశాలాక్షి ఆ సంస్థలో పశువైద్యురాలు. ముప్పై రెండు గుర్రాల మంచిచెడ్డలు పద్నాలుగేళ్ళుగా ఆవిడే చూస్తోంది. అదికాక ఇంకో బాధ్యత ఉంది. తయారైన ప్రతి విడత మందుకూ బలం పరీక్షించి నాణ్యత పత్రం మీద సంతకం చేయాలి. ఆ సంతకమంటే ఆమెకు కాస్త గర్వమే. ముక్కూమొహం తెలియని ఎవరో మనిషి, చీలమండ దగ్గర రెండు గాట్లతో ఏదో ఊరి ఆసుపత్రిలో మంచం మీద పడుకుని తన సంతకాన్నే నమ్ముకుంటాడని అనుకునేది.

"మీ విభాగంలో విషం పట్టుబడింది డాక్టరుగారూ," అన్నారు డైరెక్టరుగారు. గొంతులో కోపం కన్నా బాధ ఎక్కువ వినిపించింది.

"పట్టుబడటమేమిటి సార్. అది మన ముడిసరుకు."

"ముడిసరుకా! మన సంస్థ లక్ష్యం విషాన్ని రూపుమాపడమా, ఫ్రిజ్‌లో పెట్టి పోషించడమా?"

విశాలాక్షి ఓపిగ్గా చెప్పింది. గుర్రానికి విషం ఇసకరేణువంత ఎక్కిస్తాం. దానికేమీ కాదు, ఓ రెండురోజులు గడ్డి తక్కువ తింటుంది. ఈలోగా దాని ఒంట్లోని కణాలు ఆ విషాన్ని తడిమి చూసి, దానికి సరిగ్గా అతుక్కుని పళ్ళూడగొట్టే విరుగుడు పదార్థం తయారుచేయడం మొదలుపెడతాయి. కొన్నాళ్ళాగి ఇంకొంచెం ఎక్కువ ఇస్తాం. అవి ఇంకొంచెం గట్టిది తయారుచేస్తాయి. ఆరునెలలు పోయాక పదిమంది మనుషుల్ని పడగొట్టే విషం ఇచ్చినా గుర్రం తోక ఆడిస్తూ నిలబడుతుంది. అప్పుడు కాస్త నెత్తురు తీసి, ఎర్రకణాలు తిరిగి దానికే ఎక్కించి, మిగిలిన పసుపుపచ్చటి నీళ్ళలోంచి మందు తీస్తాం. పాము కరిచిన మనిషి ఒంటికీ నేర్చుకునే తెలివి ఉంది గానీ అంత వ్యవధి ఉండదు. అందుకని గుర్రం ముందే నేర్చుకున్నదాన్ని తెచ్చి ఇస్తున్నాం.

"దర్జీ దగ్గరికెళ్తే ముందు కొలత తీసుకుంటాడు కద సార్. ఒంటికీ అంతే, విషం కొలత తెలియాలి. కొలత ఇవ్వకుండా జాకెట్టు కుట్టమంటే ఎవరు కుడతారు?"

ఈ మాట అన్నందుకు ఆమె తర్వాత చాలాసార్లు నాలుక కరుచుకుంది. డైరెక్టరుగారి మొహం అప్పుడే వెలిగింది.

"భలేవారే! మా ఆవిడ ఈమధ్య దర్జీకి ఫోటో పంపిస్తోంది. కొలతా లేదు, గిలతా లేదు. ఫోటో చూసి కుట్టేస్తున్నాడు. మీరింకా పాత పద్ధతుల్లోనే ఉన్నారు డాక్టరుగారూ. సానుకూల దృక్పథం అలవరచుకోవాలి."

ఆ సాయంత్రమే నాలుగు బుడ్లూ ఇనప్పెట్టెలో పెట్టి, ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళను తోడిచ్చి, ప్రమాదకర పదార్థాల గోదాముకు సాగనంపారు. గేటు పక్కన 'ఈ ప్రాంగణంలో విషం లేదు' అని బోర్డు పెట్టారు. నెలనెలా విషం తెచ్చిచ్చే చెంచురామయ్య మార్చిలో వచ్చేసరికి గేటు దగ్గర ఒక ఫారం చేతికిచ్చి, 'నా వద్ద విషం లేదు' అన్నచోట వేలిముద్ర వేయమన్నారు.

"నా కాడుండేదే అదండీ," అన్నాడు చెంచురామయ్య. "అది లేకపోతే నేనెందుకొచ్చినట్టు?"

సెక్యూరిటీ వాళ్ళు ఫారం తిరగేసి చూశారు. ఆ ప్రశ్నకు గడి లేదు. అతన్ని వెనక్కి పంపేశారు.

గుర్రాలసాలలో పెద్ద కాపరి పేరు సైదులు. ఆ సాలలో ఒక ఆచారం ఉంది, ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చిన గుర్రం బంట్రోతు. దాని నెత్తుట్లో విరుగుడు బలం పెరిగేకొద్దీ గుమాస్తా అవుతుంది, ఆ తర్వాత తాసిల్దారు. అన్నిట్లోకీ బలమైనదాన్ని కలెక్టరు అంటారు. పరీక్ష ఫలితం రాగానే ప్రమోషన్ ఇచ్చేవాడు సైదులే. ఆ రోజు గుర్రానికి అచ్చు బెల్లం, సైదులుకు టీ. ఇక్కడ సిఫార్సులు చెల్లవు, సీనియారిటీ చెల్లదు, నెత్తురు చెప్పిందే మాట. దేశంలో ఇంత నిజాయితీగా ప్రమోషన్లు జరిగే చోటు ఇంకోటి ఉంటే చెప్పండి.

ఏప్రిల్లో ఆ సాలలో గుర్రాలకు అవగాహన సదస్సు జరిగింది. ఫోటో చూసి జాకెట్టు కుట్టగా లేనిది, ఫోటో చూసి గుర్రం విరుగుడు ఎందుకు తయారుచేయదన్నది డైరెక్టరుగారి వాదన. ప్రతి గుర్రం ఎదుటా నాలుగు పాముల ఫ్లెక్సీలు కట్టారు. కింద డైరెక్టరుగారి ఫోటో కూడా ఉంది, చిరునవ్వుతో. పట్నం నుంచి ఒక అవగాహన నిపుణుడు వచ్చి, మైకు సవరించుకుని, ముప్పై రెండు గుర్రాలనూ ఒకసారి కలియజూసి, "మిత్రులారా!" అని మొదలుపెట్టాడు. శత్రువును తెలుసుకోవడమే సగం విజయం అన్నాడు. మిగతా సగం గురించి అడిగే అవకాశం గుర్రాలకు రాలేదు. తర్వాత రబ్బరు పాముకు తాడు కట్టి సాల ఈ చివర నుంచి ఆ చివరకు లాగారు. ఒక్క గుర్రమూ బెదరలేదు. 'పాల్గొన్నవారిలో ఆత్మవిశ్వాసం గణనీయంగా పెరిగినది' అని నివేదికలో రాసుకున్నారు. ఆ వారం బలంలో కలెక్టరుగా ఉన్న గోధుమరంగు గుర్రం నాగుపాము ఫ్లెక్సీని పడగ దగ్గర మొదలుపెట్టి డైరెక్టరుగారి చిరునవ్వు దాకా నమిలేసింది. దాన్ని 'సదస్సు సారాంశాన్ని జీర్ణించుకొనుట' అన్న శీర్షిక కింద చేర్చారు.

సదస్సయ్యాక ప్రతి గుర్రం తరఫునా అభిప్రాయ పత్రం నింపాలి. సైదులు ముప్పై రెండు కాగితాలూ పట్టుకుని విశాలాక్షి దగ్గరికి వచ్చాడు.

"సదస్సు వల్ల మీ ఆలోచనలో వచ్చిన మార్పేందని అడిగారమ్మా ఇందులో. ఏం రాయమంటారు? కలెక్టరుకి రెండ్రోజుల నించి పేడ సరిగ్గా పడట్లేదు. అది రాయనా?"

"రాయి," అంది విశాలాక్షి. రాశాడు. అది మంచి అభిప్రాయమని మెచ్చుకుంటూ జవాబు కూడా వచ్చింది.

ఫ్లెక్సీలు ఎంత నమిలినా ఒంటి లెక్క ఒంటిదే. విషం తగలడం మానేసరికి గుర్రాల నెత్తుట్లో విరుగుడు రోజురోజుకూ పలచబడసాగింది. పరీక్షకు పనికొచ్చే విషం పూసిన పాత పలకలు కొన్ని బీరువాలో మిగిలి ఉంటే విశాలాక్షి వాటితోనే గుట్టుగా చూస్తూ వచ్చింది. ఏప్రిల్ ఆఖరుకు కలెక్టరు తాసిల్దారయింది. మే నెల మధ్యకు గుమాస్తా. మిగతావన్నీ ఎప్పుడో బంట్రోతులైపోయాయి. సైదులు సాల గోడమీద సుద్దతో రాసిన హోదాలు చెరిపి కొత్తవి రాస్తూ, ప్రతిదానికీ, "తప్పు నీది కాదులేరా," అని చెవిలో చెప్పి వచ్చేవాడు. తర్వాత కమిటీకి ఆ పలకల సంగతి తెలిసి వాటినీ పట్టుకుపోయింది. గోడమీద రాయడానికి ఇక ఏమీ మిగల్లేదు.

జూన్‌లో నలభై ఒకటో విడత మందు తయారైంది. రెండువేల సీసాలు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. ఎన్నడూ లేనంత స్వచ్ఛంగా, నీళ్ళలా ఉన్నాయి. నాణ్యత పత్రం విశాలాక్షి బల్లమీదికి వచ్చింది.

"బలం పరీక్ష చేయకుండా సంతకం ఎలా పెట్టను సార్?"

"ఆ అంశం కమిటీ పరిశీలించింది," అని డైరెక్టరుగారు తీర్మానం చదివి వినిపించారు. "మందు విషాన్ని ఓడించునా లేదా అని తెలుసుకొనుటకు విషము అవసరము. ప్రాంగణమున విషము లేదు. కావున ఈ మందును ఓడించగల విషమేదియు ఈ ప్రాంగణమున లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. ఇంతకన్నా ఏం కావాలి?"

"పాములు ప్రాంగణంలో కరవ్వు సార్. పొలాల్లో కరుస్తాయి. ఇంకో పదిరోజుల్లో నాట్లు మొదలవుతాయి."

"పొలాలు వ్యవసాయ శాఖ పరిధిలోకి వస్తాయి."

విశాలాక్షి సంతకం పెట్టనంది. మెమో ఇస్తామన్నారు, ఇచ్చుకోమంది. ఆఖరికి గణాంకాల అధికారి, సీసాలు రెండువేలున్న మాట వాస్తవమేనని లెక్కపెట్టి చూసి, ఆమె చోట సంతకం పెట్టాడు. మొదటి కానుకగా అరవై సీసాలు రెల్లుగడ్డ ఆసుపత్రికి వెళ్ళాయి. అదే వ్యానులో, ఆ ఆసుపత్రిలో ఉన్న పాత మందు వెనక్కి వచ్చింది. నలభయ్యో విడతదాకా తయారైనవన్నీ 'విషం సాయంతో తయారైనవి' గనక వాటిని కలుషితమైనవాటి కింద జమకట్టి, ఎక్కడున్నా తెప్పించి ధ్వంసం చేయాలని ఇంకో ఉత్తర్వు. అట్లా వచ్చినవీ, ఇక్కడున్నవీ కలిపి ఎనిమిదివందల నలభై మంచి సీసాలు శీతల గదిలో, ఎర్ర చీటీ అంటించుకుని, చావు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాయి.

ఆ సాయంత్రం విశాలాక్షి తలెత్తుకుని ఇంటికి వెళ్ళింది. "నేను మాత్రం సంతకం పెట్టలేదు," అని మొగుడికి మూడుసార్లు చెప్పింది. ఆయన మూడుసార్లూ మెచ్చుకున్నాడు. ఆవకాయ కలుపుకుని రెండు ముద్దలు ఎక్కువే తింది.

జులై రెండోవారంలో రెల్లుగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి డాక్టరమ్మ కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల.

"మేడం, రాహేలు అని పేషెంటు. ముప్పై నాలుగేళ్ళు. నాట్లకెళ్ళి గట్టుమీద రక్తపింజరను తొక్కింది. గంటలోపే తీసుకొచ్చారు మేడం, గంటలోపే! ఆ విషానికి నెత్తురు గడ్డకట్టదు కదా, మామూలుగా పది, పదిహేను సీసాలకు మళ్ళీ గడ్డకట్టడం మొదలవుతుంది. ఇరవై ఆరు ఎక్కించాను. ఏమీ మార్పు లేదు. ఆ సీసాల్లో ఏముంది మేడం?"

వెంటనే పెద్దాసుపత్రికి పంపించమని మాత్రం అంది విశాలాక్షి. పంపించారు. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మూడోరోజు రాహేలు చచ్చిపోయింది.

సంస్థలో విచారణ కమిటీ వేశారు. అది ఒక్క పూటలో తేల్చేసింది. 'మృతురాలి శరీరమున విషము ఉన్నట్లు నిర్ధారణ అయినది. మన మందున విషము లేదని ఇదివరకే నిర్ధారణ అయి ఉన్నది. కావున మృతికిని మన మందుకును సంబంధము లేదు. మృతురాలికి పాముల పట్ల తగినంత అవగాహన లేకపోవుట శోచనీయము.' గుర్రాలసాలలో మిగిలిన ఫ్లెక్సీలను రెల్లుగడ్డ పొలంగట్ల మీద కట్టించాలని సిఫార్సు కూడా చేసింది.

ఆ నివేదిక చదివి విశాలాక్షి సాలలోకి వెళ్ళి, మేతకుండీ మీద కూర్చుని ఏడ్చింది. కోపంతో ఏడ్చింది, సిగ్గుతో ఏడ్చింది. సైదులు దూరంగా నిలబడి గడ్డి సర్దుతున్నట్టు నటించాడు.

"మా ఇంటిది కూడా రేపట్నించి నాట్లకి పోతానంటందమ్మా," అన్నాడు కాసేపటికి. "వద్దనేదానికి లేదు. ఏం చేద్దాం?"

మిగిలిన పంతొమ్మిదివందల నలభై సీసాలూ ఎల్లుండి లారీ ఎక్కబోతున్నాయి. మంచివి ఎనిమిదివందల నలభై వచ్చే సోమవారం వ్యర్థాలు కాల్చే కొలిమిలోకి వెళ్ళబోతున్నాయి. వాదిస్తే ప్రయోజనం లేదని ఆమెకు ఫిబ్రవరి నుంచీ తెలుస్తూనే ఉంది. విశాలాక్షి మొహం కడుక్కుని, ఆఫీసులోకి వెళ్ళి, తొమ్మిదో నంబరు ఫారం తీసింది. విషసంబంధ వ్యర్థాల తరలింపు ఫారం అది. దాన్ని నింపడానికి ఆమెకు గంటన్నర పట్టింది. జీవితంలో ఏ పరీక్షా అంత శ్రద్ధగా రాయలేదు.

"సార్, నేను పొరబడ్డాను," అంది డైరెక్టరుగారి ఎదుట. "నాకు సానుకూల దృక్పథం లోపించింది."

డైరెక్టరుగారు కుర్చీ చూపించారు. ఆయన మంచివాడే. మనుషులు మారితే చూసి సంతోషించేవారు.

"ఆ ఎనిమిదివందల నలభై కలుషిత సీసాలు ఇంకా మన ప్రాంగణంలో ఉన్నాయి సార్. ఫలకం ఇచ్చేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? ఈరోజే బయటికి పంపేద్దాం."

"కొలిమి సోమవారం గానీ ఖాళీ లేదే!"

"కొలిమిలో పొగ వస్తుంది సార్. విషంతో తయారైనదాని పొగ." డైరెక్టరుగారు ఉలిక్కిపడ్డారు. "అందుకని ప్రత్యామ్నాయ పద్ధతి రాశాను. చిత్తగించండి."

ఆయన చిత్తగించారు. తరలించవలసిన స్థలం: రెల్లుగడ్డ, ఇతర ఏరియా ఆసుపత్రులు. తరలింపు విధానం: ఎండ తగలకుండా, మంచుపెట్టెల్లో. ధ్వంసం చేయు విధానం: 'సెలైన్‌లో బాగా పలచబరచి, చుక్క చుక్కగా, నరముల ద్వారా, అర్హత గల వైద్యుల పర్యవేక్షణలో. ఆరోగ్యవంతులు కలుషితము కాకుండునట్లు, ఇదివరకే శరీరమున పాము విషము కలిగి ఉన్న వ్యక్తులలోనికి మాత్రమే.'

డైరెక్టరుగారు ఆ వాక్యం రెండుసార్లు చదివారు.

"విషమున్నవాళ్ళలోకే విషసంబంధ వ్యర్థం!" అన్నారాయన మెల్లగా. "అంటే కొత్తగా ఎవరూ కలుషితం కారు. శాస్త్రీయంగా ఉంది డాక్టరుగారూ. చాలా శాస్త్రీయంగా ఉంది." సంతకం పెట్టారు. శిక్షణలో ఇచ్చిన పెన్నుతోనే పెట్టారు.

"ఇంకొక్క మనవి సార్. నలభై ఒకటో విడత దేశంలోనే మొట్టమొదటి విషరహిత విరుగుడు. దాన్ని ఊళ్ళ మీదికి పంపేస్తే ఫలకం వాళ్ళకు ఏం చూపిస్తాం? గాజు బీరువాల్లో పెట్టి ఒక ప్రదర్శనశాల చేస్తే..."

ఆమె మాట పూర్తికాక ముందే డైరెక్టరుగారు వడ్రంగికి కబురుపెట్టారు.

ఆ మధ్యాహ్నమే ప్రమాదకర వ్యర్థాలని రాసి, పుర్రె బొమ్మ వేసిన వ్యాను గేటు దాటింది. సైదులు పక్కన కూర్చుని వెళ్ళాడు. రెల్లుగడ్డ డాక్టరమ్మ ఫారంలో ధ్వంసం చేయు విధానం చదివి, సైదులు మొహంలోకి చూసి, ఏమీ అడక్కుండా సీసాలు తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టింది. నీళ్ళలాంటివి ముప్పై నాలుగు మిగిలితే ప్రదర్శనకు కావాలని సైదులు వెనక్కి తెచ్చేశాడు.

సెప్టెంబరులో ఫలకం వచ్చింది. గాజు బీరువాలు చూసి ఫలకం వాళ్ళు అబ్బురపడ్డారు. పాము విరుగుడులో ఇంత నిర్మలమైనది ఎక్కడా చూడలేదన్నారు. అది అక్షరాలా నిజం. డైరెక్టరుగారు శాలువా కప్పించుకుని కూర్చుని ఉండగా, ఆ సభలోనే, రెల్లుగడ్డ నుంచి ఉత్తరం వచ్చిందని అటెండరు తెచ్చిచ్చాడు. ఆయన పొగడ్త అనుకుని మైకులో చదివేశారు.

'మీరు పంపిన వ్యర్థములను సూచించిన విధముగా ఇరవై ముగ్గురు వ్యక్తులలో ధ్వంసము చేసితిమి. ఇరవై ముగ్గురును కోలుకొని ఇండ్లకు వెళ్ళిరి. మా వద్ద వ్యర్థములు నిండుకొన్నవి. ఇంకను ఉన్నయెడల దయచేసి పంపగలరు.'

సభ చప్పట్లు కొట్టింది. వ్యర్థాల నిర్వహణకు కూడా వేరే ఫలకం ఉందని వచ్చిన పెద్దల్లో ఒకాయన చెప్పాడు. డైరెక్టరుగారి కళ్ళలో ఆ కొండమీది వెలుగు మళ్ళీ కనిపించింది. మర్నాడే వ్యర్థాల ఉత్పత్తి విభాగం ఏర్పాటు చేస్తూ ఉత్తర్వు వెలువడింది. వ్యర్థం తయారు కావాలంటే విషం కావాలని విశాలాక్షి మనవి చేసింది. ప్రాంగణంలో అయితే కుదరదు. ప్రహరీ ఒకచోట కొట్టి, గుర్రాలసాల బయటికి పోయేట్టు గోడ తిప్పి కట్టారు. ఇప్పుడు ప్రాంగణంలో విషం లేదు, మందూ లేదు. రెండూ గోడ అవతల ఉన్నాయి. చెంచురామయ్య ఏ ఫారం మీదా వేలిముద్ర వేయకుండా నేరుగా సాలకే వస్తున్నాడు.

మొదటి సూది కలెక్టరుకే వేశారు, అంటే అప్పటికి బంట్రోతుకు. మళ్ళీ ఆరునెలలు పడుతుందేమోనని సైదులు దిగులుపడ్డాడు. పట్టలేదు. ఒకసారి నేర్చుకున్న కణాలు కొన్ని ఎముకల్లోనూ గ్రంథుల్లోనూ దాక్కుని పాత కొలతలు దాచిపెట్టుకుంటాయి. విషం తగలగానే అవి లేచి పనికి దిగాయి. మూడువారాలు తిరక్కుండా గుర్రం నెత్తురు తాసిల్దారు స్థాయికి వచ్చేసింది. ఇంత జ్ఞాపకం ఉన్న ఆఫీసు ఒక్కటైనా ఉంటే ఈ కథ రాయాల్సిన పనే ఉండేది కాదు.

అక్టోబరులో ఒకరోజు పొద్దున, కొత్త విడత వ్యర్థం మీద విశాలాక్షి సంతకం పెడుతుండగా, గేటు దగ్గర ఎవరో వచ్చారన్నారు. నలభై ఏళ్ళ మనిషి, చేతిలో ప్లాస్టిక్ సంచి. సంచిలో ఇరవై ఆరు ఖాళీ సీసాలు. సెక్యూరిటీ అతను ఒక్కోదాంట్లో విషపరీక్ష పట్టీ ముంచి చూశాడు. ఏ పట్టీ రంగూ మారలేదు. "నీ సంచిలో విషం లేదు, లోపలికి పోవచ్చు," అని అభినందించి పంపాడు.

"నా పేరు యేసోబండీ," అన్నాడు ఆ మనిషి విశాలాక్షి ఎదుట నిలబడి. "రెల్లుగడ్డ నించి వచ్చాను. రాహేలు మా ఇంటిది."

ఆమె లేచి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. సంచి బల్లమీద పెట్టాడు.

"ఒక్కో సీసా ఎక్కిచ్చినప్పుడల్లా డాక్టరమ్మ ఇంకోటి చూద్దాం అనేదండి. నేను లెక్కెట్టుకుంటా పక్కనే కూచున్నా. ఈటితో తగ్గుద్ది, ఈటితో తగ్గుద్ది అని. ఇప్పుడొచ్చేయి బాగా పనిచేస్తన్నయ్యంట గదండీ. మా ఊళ్ళోనే ఇద్దరు బతికారు."

"పనిచేస్తున్నాయి."

"మరి మాకిచ్చినయ్యి ఎందుకు పనిచెయ్యలేదండీ?"

విశాలాక్షికి కమిటీ తీర్మానాలన్నీ గుర్తొచ్చాయి. "ఆ సీసాల్లో ఏమీ లేదు," అంది. "నీళ్ళతో సమానం. అందుకే నేను సంతకం పెట్టలేదు."

యేసోబు ఒక సీసా తీసి వెలుతురుకు పట్టి చూశాడు.

"అంటే మీకు ముందే తెలుసాండీ?"

"తెలుసు."

"ఆసుపత్రికి ఒక్క ఫోను చేసుంటే మేం నేరుగా బెజవాడ తీస్కబోయేవాళ్ళం గదమ్మా," అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఆ రోజు మా అన్న ఆటో వాకిట్లోనే ఉంది."

అతను సీసాలు అక్కడే వదిలేసి, గేటు దగ్గర పుస్తకంలో వెళ్ళే టైము రాసి వెళ్ళిపోయాడు.